రాహేలు చేసిన ఫైలు

కిషన్‌బాగ్,
12 జూన్ 1987

ప్రియమైన ప్రకాశం అన్నకు,

నీ చెల్లె రాహేలు రాసేది. అమ్మ కులాసా. నేను మాత్రం కుతకుత ఉడికిపోతున్నాను.

సైదాబాద్‌లోని మా పరిశోధన ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిందని రాశాను కదా. భూగర్భ జలాల రిపోర్టు దాని మీద నేనే టైపు చేస్తున్నాను. ఏ సంగతి ఏ పుస్తకంలోదో ప్రతిచోటా చూపాలి. రచయిత పేరు, పుస్తకం పేరు, అచ్చయిన ఊరు, సంవత్సరం. ఒకే పుస్తకం ముప్పైసార్లు వస్తుంది. కొట్టీ కొట్టీ వేళ్లు వాచాయి. టైపింగుకు వాడే ఎడిటర్ ప్రోగ్రాంతో వచ్చిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాన్ని నెల రోజులు అన్నం వేళల్లో చదివి, ఒక ఫైలు తయారుచేశాను. ఒక్కో పుస్తకానికి మూడక్షరాల గుర్తు. అది కొట్టి స్పేస్ నొక్కితే వివరమంతా దానంతటదే వచ్చిపడుతుంది. నూట ఎనభై ఆరు పుస్తకాలు ఎక్కించాను. వారం పని ఒక్కరోజులో అయింది.

మొన్న డైరెక్టరు గారు చూసి ముచ్చటపడి, "ఎవరు చేశారిది?" అని అడిగారు. నా పై ఆఫీసరు విశ్వేశ్వర్ సారు నా కుర్చీ వెనకే నిలబడి, "నేనే సార్. ఈ పిల్లకు గూడ నేనే నేర్పిన" అన్నాడు. నా ముందే, అన్నా!

ఢిల్లీలో జరిగే పరిశోధకుల సభలో దాన్ని విశ్వేశ్వర్ పేరుతో చూపిస్తారట. నన్నేమో మళ్లీ పాత టైపు మిషను ముందు కూర్చోబెట్టాడు. "కంప్యూటర్ రూముల ఇగ నీకేం పని?" అన్నాడు.

నీ చెల్లె,
రాహేలు

*

కాజీపేట,
17 జూన్

ప్రియమైన చెల్లెకు,

నీ ఉత్తరం చదివి భయమైంది. నీది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు చేయమని పైకి రాయాల్సింది ఆ సారే. పేరుదేముంది? రైల్వే లోకో షెడ్డులో పదిహేనేళ్లుగా నేను చేసిన పనులు ఎందరి పేరున పోయాయో! లొల్లి పెట్టుకోకు.

మీ అన్న,
ప్రకాశం

*

కిషన్‌బాగ్,
22 జూన్

ప్రియమైన అన్నకు,

పదిహేనేళ్లు నువ్వు తల వంచావని నన్నూ వంచమంటావా? డైరెక్టరు గారికి అర్జీ ఇచ్చాను. వచ్చే సోమవారం ఇద్దరినీ పిలిచారు.

రాహేలు

*

కాజీపేట,
24 జూన్

ప్రియమైన రాహేలుకు,

ఫికర్ చేయకు. ఇంటి పెద్దగా నేను చేయాల్సింది చేశాను. సారు మనసు మెత్తబడుతుంది. సోమవారం నువ్వు మాత్రం నోరు తెరవకు.

మీ అన్న,
ప్రకాశం

*

కిషన్‌బాగ్,
30 జూన్

ప్రకాశం అన్నకు,

'ప్రియమైన' అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

నిన్న కంప్యూటర్ రూములో ఆఫీసువాళ్లందరి ముందు విశ్వేశ్వర్ జేబులోంచి తన పేరున వచ్చిన ఉత్తరం తీసి డైరెక్టరు గారికిచ్చాడు. ఆయన పైకి చదివారు. "మా చెల్లెకు తొందర ఎక్కువ. మీరు నేర్పిన పనిని తనదని చెప్పుకున్నది. చిన్నపిల్ల, మాఫ్ చేయండి." దస్తూరీ నీది, సంతకం నీది.

"ఇంట్లోళ్లే ఒప్పుకున్నరు సార్. ఇంగేం గావాలె?" అని విశ్వేశ్వర్ నవ్వాడు.

నా పనిని దొంగిలించినప్పుడు కూడా నాకంత మంట పుట్టలేదు. నోరు తెరవకు అన్నావు నువ్వు. అయినా నోరు తెరిచాను.

"మా అన్న కంప్యూటర్‌ను కండ్లతోని సూడలె సార్. నన్ను అడగకుంటనే రాసిండు. విశ్వేశ్వర్ సార్‌ను గా ఫైలుల ఒక్క కొత్త పుస్తకం ఎక్కియ్యమనుండ్రి."

డైరెక్టరు గారు బీరువాలోంచి ఒక పుస్తకం తీసి ఆయన చేతికిచ్చారు. విశ్వేశ్వర్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అదీ ఇదీ నొక్కాడు. తెర మీద ఏమీ రాలేదు. చివరికి నావైపు వంగి మెల్లగా, "గా ఫైలు ఏడున్నది?" అని అడిగాడు.

అందరూ విన్నారు.

తర్వాత నేను కూర్చున్నాను. రెండు నిమిషాలు పట్టింది. ఢిల్లీకి పంపే కాగితం మీద నా పేరు రాయమని డైరెక్టరు గారు అక్కడే చెప్పారు.

విశ్వేశ్వర్ ఇప్పటికీ నా పై ఆఫీసరే. పర్మనెంటు ఆర్డరు రాకపోవచ్చు. రాకపోతే ఇంకోచోట టైపు కొట్టుకుని బతుకుతాను.

నా మేలు కోరే రాశావని తెలుసు. అందుకే మరీ కోపం. పై ఆదివారం ఇంటికి రా. నీ ఉత్తరం సంగతి అమ్మకు నేనేమీ చెప్పలేదు. నువ్వే చెప్పుకోవాలి. నీ తరఫున నేను మాట్లాడను.

రాహేలు