నా కుమార్తె నడవని అడుగుల గురించి

కార్యక్రమ అధికారి గారికి,
ఇంటివద్ద పునరావాస విభాగం.

అయ్యా,

విషయం: కరోనా తగ్గిన పిదప కూడా నీరసంతో బాధపడుతున్న నా కుమార్తె కిరణ్మయి పేరు మీ వీడియో చికిత్స జాబితా నుండి తొలగించబడుట - తిరిగి చేర్చవలసినదిగా ప్రార్థన.

చందానగర్ వాస్తవ్యుడను, విశ్రాంత హెడ్ గుమాస్తాను అయిన పట్టాభిరామయ్య అను నేను సవినయముగా మనవి చేసుకొనునది:

1. నా కుమార్తె గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కరోనా తగ్గి పద్నాలుగు నెలలైనను, తల దువ్వుకుంటే చెయ్యి పడిపోవును. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మరచిపోవును. రక్తపరీక్షలన్నీ బాగున్నవని ముగ్గురు డాక్టర్లు ఇంటికి పంపివేసినారు. ఆమె మాట మొదట నమ్మినది మీ ఫిజియోథెరపిస్టు సంయుక్త గారు. వారు ప్రతి శుక్రవారము వీడియోలో కనబడి, ఉన్న ఓపికలోనే పనులు ముగించుకొనుట నేర్పుచుండిరి.

2. అడుగులు లెక్కించుటకు మీరు చేతికి కట్టుకొను బ్యాండు ఇచ్చియున్నారు. మూడు వారములు వరుసగా అంకె తగ్గినది. ఓపిక దాటి నడవకుండుటయే చికిత్స అని నేను అప్పుడు ఎరుగనైతిని. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో అంకె తగ్గిన పథకము రద్దగుటయే చూచితిని. తనిఖీకి ముందు అంకెలు కాస్త పెంచి వేయుట మా ఆఫీసులో అందరికీ అలవాటు.

3. కావున ఆమె మధ్యాహ్నము నిద్రించు వేళ, ఛార్జింగ్ పెట్టెదనని చెప్పి ఆ బ్యాండు తీసుకొని, నా చేతికి కట్టుకొని మార్కెట్టుకు పోయి వచ్చితిని. ఇట్లు ఇరవై రెండు రోజులు.

4. సంయుక్త గారు అనుమానించి అడిగినారు. మా అమ్మాయి, "ఇంత నడిచానా? నాకు గుర్తు లేదండీ" అన్నది. పక్కనే ఉన్న నేను బాగానే నడుస్తున్నదని చెప్పితిని. పూర్తిగా కోలుకున్నట్లు ధ్రువపత్రము వచ్చినది, చికిత్స ఆగినది. ఆ పత్రము చూచి కంపెనీ వారు సోమవారము నుండి ఆఫీసుకు రమ్మన్నారు.

5. అయ్యా, ఈ అంశం ఎలా రాయాలో తెలియడం లేదు. అమ్మాయి ఆ అంకెలు నమ్మింది. తానే నడిచి మరచిపోయాననుకుంది. మొన్న పొద్దున్న ఎవరికీ చెప్పకుండా లిఫ్టు దాకా బయలుదేరి, పక్కింటివాళ్ల చెప్పుల స్టాండు దగ్గర కూలబడింది. ఇప్పుడు మంచం దిగాలంటే నేను పట్టుకోవాలి. కిటికీ తెర తీస్తే వెలుతురు భరించలేక కళ్లు మూసుకుంటోంది.

తప్పు నాది. కేసు పెట్టండి, ఎక్కడ సంతకం చేయమంటే అక్కడ చేస్తాను. పిల్ల పేరు మాత్రం మళ్లీ రాయండి. శుక్రవారం వస్తే ఇప్పటికీ ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంటోంది. నాకు చూడబుద్ధి కావడం లేదు.

పై మనవులు చిత్తగించి, సోమవారములోగా సదరు ధ్రువపత్రమును రద్దుపరచవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయుడు,
పట్టాభిరామయ్య

తా.క.: పంపే ముందు ఇది అమ్మాయికి చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను. గోడవైపు తిరిగి పడుకుని, "అయితే ఆ నడకలు నేను మర్చిపోలేదన్నమాట. నాకు మతి పోతోందనుకున్నాను నాన్నా" అంది. నాకు ఏడుపు ఆగలేదు. బ్యాండు నా చేత్తోనే ఆమెకు కట్టాను. ఈరోజు నలభై ఒక్క అడుగులు, మంచం నుంచి స్నానాలగదికి పోయి రావడం. అందులో ఒక్కటీ నాది కాదు.