ఎంత దగ్గరైతే చాలు?

మంగళవారం, రాత్రి

ఆగింది! రెండుకి వర్గమూలం వెతికే నా ప్రోగ్రామ్ ఈరోజు ల్యాబ్‌లో ఎట్టకేలకు ఆగింది. మొదట, స్క్వేర్ చేస్తే సరిగ్గా రెండు వచ్చేదాకా వెతకమని రాశాను. అది రాదు, లూప్ ఆగదు. పక్క సీటు రేష్మ కంకిపాడు బస్సుకి లేస్తూ చూసింది.

"సరిగ్గా రెండే కావాలని కూర్చుంటే ఇక్కడే తెల్లారుద్ది. బాగా దగ్గరికొస్తే చాలని రాయవే!"

రాశాను. రెప్పపాటులో 1.41421! ఇద్దరం అరిచేశాం. మేడమ్ వచ్చి చూసి, "ఎంత దగ్గరైతే చాలమ్మా? ఎవరు చెప్పారు?" అన్నారు.

పటమటలో బస్సు దిగేదాకా అదే ఆలోచన. ఇంటికొచ్చాక ప్రోగ్రామ్‌లో 'ఇంత దగ్గరైతే చాలు' అని పెట్టిన హద్దుని చిన్నది చేస్తూ పోతున్నాను, కొత్త అంకెలు పుడుతూనే ఉన్నాయి.

"ఇక చాల్లేవే, పడుకో!" అంటోంది అమ్మ. ఎంతైతే చాలో అమ్మకెలా తెలుసో!

ఇంకొక్క అంకె చూసి…