తలా తోకా లేని ముక్క

వ్రిసూలా గ్రామం

ఏథెన్సు ప్రాచీన గ్రంథశాల వారికి అర్గిరిస్ నమస్కారాలు.

నా కోడిగీతలకు, తప్పులకు మన్నించండి. బడి ముఖం చూసింది తక్కువ.

మా ఊరి పూర్వికుడు స్కిర్తోన్‌ది ఒకే ఒక్క ముక్క మిగిలిందనీ, మీ దగ్గరే ఉందనీ రేడియోలో విన్నాం. అది ఏ భాగం? మా ఊరి పండుగకి మాకు ఇస్తారా?

పక్కనున్న పెట్రోటా చర్చిలో ఓ సాధువు వేలి ఎముకుంది, దండం పెట్టుకోవడానికి జనం వస్తారు. అందుకని బస్సు తిన్నగా అక్కడికే పోతుంది. మమ్మల్ని చూసి ఆగదు. "చూడ్డానికేముందని బ్రేకెయ్యాలి తాతా?" అంటాడు డ్రైవరు. మా చెల్లెలు మరియంతిని ఆ ఊరే ఇచ్చాం. కొండ దిగి వెళ్లాలంటే నా మోకాళ్లు ఒప్పుకోవు.

ఇట్లు,
అర్గిరిస్, చర్చిలో కొవ్వొత్తులు చూసేవాడు

తా.క.: చెల్లెలి మొగుడు కోస్మాస్, "ఏం బావా, మాకు వేలుంది, మీకు గోరైనా లేదే!" అంటాడు.


ఏథెన్సు

గౌరవనీయులైన అర్గిరిస్ గారికి,

స్కిర్తోన్ కోసం ఒక ఊరు ఉత్తరం రాస్తుందని కలలో కూడా అనుకోలేదు! ముక్క బొటనవేలంతే ఉంటుంది. ఈజిప్టులో ఒక శవానికి చుట్టిన పట్టీల్లో దొరికింది. కాస్త పురుగు తినేసింది. తలా తోకా లేదు, నడిమి భాగమే మిగిలింది.

అసలును బయటికి పంపే వీల్లేదు. నకలు పంపగలను.

భవదీయురాలు,
మెల్పో


వ్రిసూలా

అమ్మా మెల్పో గారికి,

మీ ఉత్తరం చర్చిలో చదివాం. ఆడవాళ్లు ఏడ్చారు. నకలంటే ఏమిటో తెలియలేదు గానీ, పంపండి. వెండి పెట్టె చేయించాం. ముక్కను వైన్‌తో కడగవచ్చా, ముద్దు పెట్టుకోవచ్చా అని ఫాదర్ యెరాసిమోస్ అడగమన్నారు. పెట్రోటా వాళ్లందరినీ పిలిచాం.

ఇట్లు,
అర్గిరిస్

తా.క.: తల పోతే పోయింది. తోక సంగతి మాత్రం ఫాదర్‌కి చెప్పలేదు. ఆయన గుండె మంచిది కాదు.


ఏథెన్సు

అర్గిరిస్ గారూ,

కడగకండి! ముద్దులు అసలే వద్దు! స్కిర్తోన్ సాధువు కాదు. క్రీస్తుకి మూడొందల ఏళ్ల ముందు హాస్య నాటకాలు రాసుకున్నవాడు. ముక్క అంటే ఎముక కాదండీ, రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం ముక్క! దాని మీద మిగిలింది ఒక్క వాక్యం. పెద్ద అక్షరాలతో రాసి ఇందులో పెట్టాను.

కంగారుతో,
మెల్పో

తా.క.: పెట్రోటా వాళ్ల ముందు మాత్రం చదవకండి.


వ్రిసూలా

అమ్మా మెల్పో గారికి,

మీ కవరు పండుగ రోజునే వచ్చింది. నేను తెరిచేలోపే ఫాదర్ వెండి పెట్టెలో పెట్టి ఊరేగించేశారు. తర్వాత తెరిచి, "చదువు అర్గిరిస్" అన్నారు. నేను కళ్లజోడు వెతుక్కుంటున్నా. కోస్మాస్ బావ "ఇలా తే, మా ఊళ్లో చదువుకున్నవాళ్లున్నారు" అని పెద్ద అక్షరాల కాగితం లాక్కున్నాడు. వద్దన్న మీ ఉత్తరం నేను తర్వాతే చూశాను.

గొంతెత్తి చదివాడు: "పెట్రోటా వాళ్లు మేక ఎముక చూపించి, 'ఇది వీరుడి ఎముక, దండం పెట్టు' అంటారు."

ముందు మా మరియంతి నవ్వింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. పెట్రోటా వాళ్లు గాడిదలెక్కి విసవిసా వెళ్లిపోయారు.

మరుసటి ఆదివారం బస్సు మా ఊళ్లో ఆగింది! నిండా పెట్రోటా వాళ్లే, పోట్లాటకొచ్చారు. వాళ్లు కేకలేశారు, మేం కేకలేశాం. ఆకలేసింది. మేకపాల చీజు, ఆలివ్‌లు, వైన్ పెట్టాం. మరియంతి నా పక్కనే కూర్చుంది. సాయంత్రం దాకా తిట్టుకున్నాం.

"రెండువేల ఏళ్ల నాటి తిట్టు బావా, ఒక్క రోజులో తీరుతుందా?" అని బావ మళ్లీ ఆదివారం కూడా వచ్చాడు. ఇప్పుడు ప్రతివారం బస్సు ఆగుతోంది.

మీరు చల్లగా ఉండాలి.

అర్గిరిస్

తా.క.: ఒక్కటే భయం. మొన్న ఆదివారం బావ తిట్టడం మానేసి పేకాట మొదలుపెట్టాడు. కోపం చల్లారితే బస్సూ ఇక్కడ ఆగడం మానేస్తుందేమో. స్కిర్తోన్‌ది ఇంకో ముక్క ఎక్కడైనా దొరుకుతుందేమో చూడండమ్మా. ఈసారి తోకైనా సరే. ఆదివారంలోగా జవాబు రాయండి.