ట్రక్కు వెనక కూర్చున్న కుర్రాడు

అమరిల్లో, టెక్సస్
ఆగస్టు 21, బుధవారం

పూజ్యురాలు, మన ఇంటి సుప్రీంకోర్టు అయిన ట్రెసా అక్కకు,

దేశంలో మూడో స్థానంలో మోగుతున్న పాటకూ, మొదటి స్థానంలో నొప్పెడుతున్న నడుముకూ ఏకైక హక్కుదారుడైన నీ తమ్ముడు కోల్ టోపీ తీసి, సగం వంగి రాసుకున్న విన్నపం. (పూర్తిగా వంగితే లేపడానికి ఇద్దరు కావాలి.) ఫోన్లో చెబితే నువ్వు తిట్టేది నాకు వినిపిస్తుంది కనుక ఉత్తరం రాస్తున్నాను.

ఇది నలభై ఒకటో రేడియో స్టేషను. తెల్లారకముందే లేపుతారు. వాళ్ళు పెట్టిన డోనట్లు తినాలి, ‘పదిహేడో వేసవి’ పాడాలి, కార్యక్రమం నడిపేవాడు తన కుర్రతనం గుర్తొచ్చి కళ్ళొత్తుకుంటే ఓదార్చాలి. ఆ తర్వాత వాడు, ఇరవై నాలుగేళ్ళవాడివి, గడిచిపోయిన వయసు బాధ నీకెలా తెలుసబ్బాయ్ అంటాడు. మా బస్సులో నెల్లాళ్ళు పడుకో, నీకూ తెలుస్తుంది అనాలనిపిస్తుంది. నవ్వి ఊరుకుంటాను. నా తత్త్వశాస్త్రం పట్టాకు ఇంతవరకు దొరికిన ఉపయోగం అదొక్కటే.

అసలు సంగతి. మా కంట్రీ సంగీతంలో పాట బాగుంటే చాలదు, జరిగిందై ఉండాలి. టల్సా రేడియోలో ఒకడు, పాటలో ఆ పదిహేడేళ్ళ పిల్ల మీ నానమ్మ సరే, ఆమె పక్కన ట్రక్కు వెనక కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్న కుర్రాడెవరు, పేరు చెప్పు అని నిలదీశాడు. నిద్ర లేదు, కడుపులో ఏమీ లేదు. మా తాత అనేశాను. వాడు దాన్ని ఊరూరా చాటాడు. ఇప్పుడు వచ్చే నెల ఏడున మన కౌంటీ ఫెయిర్ జాతరలో తాతను వేదిక ఎక్కించి, ఆ కుర్రాడు ఈయనే అని చూపిస్తారట.

ఆ కుర్రాడు తాత కాదక్కా.

నానమ్మ తను చనిపోయే ముందు, వరండాలో చిక్కుళ్ళు తుంచుతూ తన పదిహేడో ఏటి వేసవి సంగతి నాతో చెప్పింది. వాడి పేరు వర్జిల్ టేట్. ఆ వేసవి కాగానే డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీకి పోయాడు, మళ్ళీ రాలేదు. ఎవరితో అనకురా వెధవా, మీ తాత నొచ్చుకుంటాడు అంది. నేను ఎవరితోనూ అనలేదు. పాట కట్టి దేశమంతా పాడానంతే.

నిన్న, రావద్దని చెప్పడానికే తాతకు ఫోన్ చేశాను. ఎత్తీ ఎత్తగానే, ఒరేయ్, కొత్త టోపీ కొన్నాను, మన చర్చివాళ్ళకు ముందు వరస చూడు, ఆ పక్కింటి ఓడెల్ గాణ్ణి మాత్రం స్తంభం వెనక కూచోబెట్టు అన్నాడు. సరే తాతా అని ఫోన్ పెట్టేశాను. యాభై తొమ్మిదేళ్ళు కాపురం చేసినవాడితో, నీ భార్య తలచుకున్నది నిన్ను కాదని ఏ నోటితో చెప్పను? చెప్పకుండా ఆయన్ను అబద్ధం మీద నిలబెట్టి ఊరిచేత చప్పట్లు ఎలా కొట్టించను? రెండింటికీ నాలో ధైర్యం లేదు. ఆయన జుట్టు కత్తిరించేది నువ్వే కదా, కత్తెర చెవి దగ్గర ఉన్నప్పుడు ఎవరైనా బుద్ధిగా వింటారు. నువ్వే మెల్లగా చెప్పవూ? పిరికివాణ్ణని ఒప్పుకుంటున్నాను, శిక్ష తర్వాత వెయ్యి.

ఇట్లు,
నలభై రెండో డోనట్టు వైపు ప్రయాణమవుతున్న
నీ కోల్

తా.క. కవరు అంటించబోతే సిగ్గేసింది. తాతకు ఫోన్ చేసి నేనే చెప్పేశాను. అంతా విని, వర్జిల్ గాడి సంగతి నాకు తెలియదనుకున్నావట్రా అన్నాడు. మరి వేదిక ఎక్కుతానని ఎందుకన్నావు తాతా అంటే, నేను పాటలో లేనని ఎవడు చెప్పాడు నీకు, ట్రక్కు మా నాన్నది, వాళ్ళిద్దరూ వెనకాల కూచుంటే అది దానంతటదే నడిచిందా, మైకు నాకియ్యి, నేనే చెబుతా అన్నాడు. ఆ వేసవంతా వెనక చూపే అద్దంలో ఆ పిల్లనే చూస్తూ నడిపానురా అన్నాడు.