ఆమె తెరిచి ఉంచిన పేజీలు

కమగ్వే నుంచి

నెరేయిదా,

చివరి రోజు ఉదయం మీ అక్క పార్కుకు వెళ్లింది. ఇంట్లో నెట్ లేదు కదా, తీరిగ్గా చదవడానికి అక్కడి సిగ్నల్‌తో లాప్‌టాప్‌లో పంతొమ్మిది పేజీలు తెరిచి తెచ్చింది. "ఒక్కటి మూశావో, నీ కాఫీలో పంచదార ఉండదు" అంది. మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. అప్పటినుంచి నేను ఆ లాప్‌టాప్‌ను ఆపలేదు.

నువ్వడిగిన తన ఫొటోలు అందులోనే ఉన్నాయి, తెరుచుకోవడం లేదు. "ఆ పేజీలే మెమరీ అంతా తినేస్తున్నాయి మాస్టారూ, మూసేయండి" అన్నాడు మెకానిక్ ఎవెలియో.

"ఒక్కటి ఉంచితే?"

"ఒక్కటా? ఈ లాప్‌టాప్ ముసలిదే గానీ, మరీ అంత చేతకానిది కాదు లెండి."

రేపు ఉదయం పద్దెనిమిదీ చదివి, ఒక్కొక్కటే మూసి, నీకు ఫొటోలు పంపుతాను. మీ ఊరి బస్సు వేళలున్న పేజీని మాత్రం ఉంచేస్తాను.

నీ బావ