సర్వర్ ఆపి చూసినట్టు

అమ్మలూ,

ఫోన్‌లో నువ్వు "ఊఁ పిన్నీ" అంటూనే టైపు చేస్తుంటావు. ఆ టకటకలు నాకు వినపడతాయి. అందుకే ఈ కాగితం.

నీ కుడిచెయ్యి తిమ్మిరెక్కి దువ్వెన జారిపోతోందని, జడ తనే వేస్తున్నానని మీ అమ్మ చెప్పింది. డాక్టరు వారం రోజులు కంప్యూటర్ ముట్టొద్దంటే, "నేను లేకపోతే ఆఫీసులో అన్నీ ఆగిపోతాయమ్మా" అన్నావట.

మా ఆఫీసులో అప్పుడప్పుడూ నడుస్తున్న సర్వర్‌ను కావాలనే ఆపేస్తాం. మిగతావి బరువు మోస్తాయో లేదో అలాగే తెలుస్తుంది. మోయకపోతే తప్పు ఆగినదానిది కాదు, అలా కట్టినవాళ్లది. కిందటేడు కాలు విరిగి నేను మంచానపడితే ఆఫీసు నుంచి ఒక్కరూ ఫోన్ చేయలేదు. మొదట ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ చచ్చీచెడీ చేసింది ఇందుకా అనుకున్నాను. తర్వాత, నిజం చెప్పొద్దూ, హాయిగా నిద్రపట్టింది.

శనివారం వస్తున్నాను. ఆలోపు సెలవు మెయిల్ పంపు, ఎడమచేత్తో అయినా సరే. నేను రాగానే నీ ఫోన్ నా చేతికివ్వు. ఆఫీసువాళ్లు చేస్తే, "మా అమ్మాయి నిద్రపోతోందండీ" అంటాను.

ఈ వయసులో నాచేత అబద్ధమాడించకు.

నీ పిన్ని