నాలుగో నంబరు మిషన్

హమ్రియా, మస్కట్.

అబ్బీ భానుతేజా,

నువ్వు మన జిల్లాలోనే కొత్త ఫ్యాక్టరీలో ఉద్యోగంలో చేరినావని మీ అక్క ఫొటో పంపింది. సంతోషం. నీ ఫోన్ ఆమె తీసి చూస్తాదని, ఈ ఉత్తరం ఊరికొచ్చే మనిషి చేత పంపిస్తాండా.

మా పైపుల ఫ్యాక్టరీ మూసేసి మూడు నెలలైంది. ఆమెకు చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు. సరుకు ఇకమీద వేరే దేశంలో తయారవుతుందన్నారు. ఏ దేశమో చెప్పలేదు. నా పక్కన డ్యూటీ చేసిన సాలెం ఇక్కడోడు. ఇంకో పని దొరికేదాకా వాళ్ల సర్కారు నెలనెలా ఏదో ఇస్తాదంట. మాకైతే టికెట్ ఇస్తాం, పొమ్మన్నారు.

తిరిగొచ్చినోళ్లకు మన ప్రభుత్వం సాయం చేస్తాదని రూమ్‌లో అంటాండారు. దరఖాస్తు రాసి దీంతో పెట్టినా, కలెక్టరాఫీసులో ఇయ్యి. పని పోయిన కారణం అన్న చోట ‘ఫ్యాక్టరీ విదేశానికి పోయింది’ అని రాసినా.

ఆ తర్వాత నీ ఫొటో పెద్దది చేసి చూసినా. నీ వెనకాల నాలుగో నంబరు మిషన్ మీద ‘ముందు నీళ్లు, తర్వాతే కరెంటు’ అని తెలుగులో ఉండాది కదా? అది నా రాత. చల్లార్చే నీళ్లు వదలకుండా కరెంటేసి మనోడొకడి చేయి కాలినప్పుడు రాసినా. ఇక్కడ మూసేసినప్పుడు ఆ మిషన్‌ను చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొట్టింది కూడా నేనే.

దరఖాస్తులో విదేశం అనే మాట కొట్టేసినా. ఆ చోట మన జిల్లా పేరు రాయడానికి చేయి రాలేదు. నువ్వే రాయి.

మిషన్ మీది రాత మాత్రం ఎవరు చెప్పినా తుడిచేయొద్దు. రోజూ అది చూసి, ముందు నీళ్లు వదులు.

మీ బావ